హారం

పెద్దపల్లి దాటాక దారి రంగు మారుతుంది.
ఆటో అద్దం మీద, కనురెప్పల మీద,
ఓదమ్మ భుజానున్న నీలం డబ్బా మీద
ఇటుక పొడి.
డబ్బాలో నాలుగు మంచు పలకలు,
వాటి నడుమ టీకా సీసాలు
ఎండ సంగతి తెలియకుండా కునుకుతున్నాయి.

బట్టీ దగ్గర అన్నిటికీ లెక్కుంది.
పచ్చి ఇటుక వెయ్యికి ఇంత,
కాలింది లారీకి ఇంత,
విరిగినవి ఎవరి కూలిలోంచి పోతాయో
సర్దారు నోటుబుక్కులో ఎర్ర సిరా.
"పిల్లలెంతమంది?" అన్నాను.
బుక్కు తిరగేశాడు. చాలాసేపు తిరగేశాడు.
"పిల్లల పద్దు లేదు మేడం."

నడుమెత్తు గుడిసెలు. వంగితేనే లోపలికి.
మొదటి దాంట్లో ఝుముకి, నాలుగేళ్లు.
ఎర్రబడ్డ కళ్ళు,
చెవుల వెనక మొదలై బొడ్డు దాకా దిగిన దద్దుర్లు.
వాళ్ళమ్మ "మిళిమిళా" అంది.
ఓదమ్మ "తట్టు. తల్లి పోసింది" అంది.
నేను ఒకటో వరుస అని రాసుకున్నాను.
మూడు భాషల్లోనూ పిల్ల ఒకటే దగ్గు దగ్గింది.

గుమ్మానికి వేపమండ కోసం చూశాను.
"ఈడ యాపచెట్టెక్కడిది బిడ్డా,
అన్ని బట్టీలకే వాయె."

జ్వరం ఏ రోజు? దద్దుర్లు ఏ రోజు?
తేదీలు లేవు వాళ్ళ దగ్గర.
మూడో బట్టీ అంటుపెట్టిన రాత్రి, అంటుంది ఒకామె.
మా ఆయన చెయ్యి నలిగిన మర్నాడు, అంటుంది ఇంకొకామె.
వాటిని తారీకులుగా మార్చుకుంటూ
పది వరుసలు దిగాను.

పదకొండు.
పేరు: ఇంకా పెట్టలేదు. వయసు: ఎనిమిది నెలలు.
టీకా తొమ్మిదో నెలకి.
ఆ నెల్లాళ్ళు
చుట్టూ ఉన్న పిల్లలే వాడికి కంచె కావాల్సింది.
ఫలితం అన్న గడిలో రాయాల్సింది ఒకే అక్షరం.
రాశాను.
వాళ్ళమ్మ దాన్ని వేలితో తాకి చూసింది.

నిరుడు వరంగల్‌లో, కాలేజీ తెర మీద
నేనే చూపించాను:
ఈ ఉపకేంద్రంలో తట్టు టీకా తొంభై ఏడు శాతం.
లవం రెండువందల ఆరు, హారం రెండువందల పన్నెండు.
వెనక వరుసల్లోంచి కూడా చప్పట్లు.
హారమంటే అప్పుడు నాకు గీత కింది అంకె.
దండ అని ఇంకో అర్థముందని,
ఎవరూ గుచ్చని పూలు దండలోకి రావని
తట్టనే లేదు.

మూడు దాటింది. మిగిలింది ఒక్క పిల్లాడు,
మట్టిగుట్ట వెనక దాక్కుని.
కొత్త సీసాలో నీళ్ళు కలిపితే
పదిమందికి సరిపోను, నాలుగు గంటల ఆయుష్షు.
రిజిస్టరులో వృథా అని ఒక గడి ఉంటుంది,
దానికి పైవాళ్ళకి సంజాయిషీ ఉంటుంది.
"ఒక్కడి కోసమా?" అన్నది నేనే.
ఓదమ్మ అప్పటికే మూత పీకింది.
"తొమ్మిది పారబోస్తె పారబోస్తి.
వీన్ని వట్టుకరా పో."

రాత్రి కాజీపేట బండిలో, ఊగే పెన్నుతో
మళ్ళీ కూడాను.
గీత కిందికి కొత్తగా అరవై ఒక్కమంది.
ఈ పొద్దుటి దాకా వాళ్ళలో టీకా పడింది తొమ్మిదిమందికే.
డెబ్బై తొమ్మిది శాతం.

తెల్లారి పెద్దసారు ఫోను:
"ఏడాదిలో ఇంత పడిపోయిందేంటమ్మా?"
"పడిపోలేదు సార్. పిల్లలు కలిశారు."
అవతల ఎవరో టీ గ్లాసు పెట్టిన చప్పుడు.
"సరే, పంపించు" అన్నారు.

పంపించాను.
ఆ అరవై ఒకటిలో పదకొండో వరుస వాడు లేడు.
తొమ్మిది నెలలు నిండనివాళ్ళని హారంలో కలపరు.
నియమం నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా.
కాయితం మాత్రం ఇంకా అట్టకే ఉంది,
ఒక గడిలో
అక్షరం మీద ఎర్రమట్టి వేలిముద్రతో.